ఏడాదికి ఒక్క ప్రింట్ వేసిన మనిషి: జిల్వాన్ సమీకో గురించి మాట్లాడదాం

సిరామరక
ప్రింట్‌మేకింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో ఒక్కొక్కరం ఒక విదేశీ ప్రింట్‌మేకర్ మీద అరగంట మాట్లాడాలి. నాకు పడిన పేరు జిల్వాన్ సమీకో, బ్రెజిల్ ఈశాన్యం. ఉడ్‌కట్లు చేసేవాడు, అంటే చెక్క దిమ్మ మీద బొమ్మ చెక్కి, ఇంకు పట్టించి, కాగితం మీద అచ్చు తీయడం. 1928లో రెసిఫెలో పుట్టాడు, 2013లో అక్కడే పోయాడు. బొమ్మలు చూశాక రెండు రోజులు వేరే పని చేయలేకపోయాను. పక్షులు, పాములు, దేవదూతలు, గుర్రాలు, మధ్యలో నిటారుగా ఒక మనిషి. నలుపు, తెలుపు, అక్కడక్కడ రవ్వంత రంగు.
కానీ ఒక విషయం మింగుడు పడటం లేదు. 1970ల మధ్య నుంచి ఆయన దాదాపుగా ఏడాదికి ఒకే ఒక్క ప్రింట్ వేశాడట. మాకేమో సెమిస్టర్‌కి నాలుగు ఎడిషన్లు (ఒక్కో దిమ్మ నుంచి తీసే కాగితాల సెట్టు) ఇవ్వాలని రూలు. క్లాసులో ఈ మాట చెప్తే ఒక ఫ్రెండ్ "అది కెరీర్ ఎలా అవుతుంది, తీరిక ఉన్నవాడి వ్యాపకం" అన్నాడు. సమాధానం చెప్పలేకపోయాను, బాధేసింది. ఇంకోటి, ఎక్కడ చూసినా ఆయన్ని "జానపద కళాకారుడు" అని రాస్తున్నారు. అది నిజమేనా?

రాత్రిబస్సు
మీ ఫ్రెండ్ అన్నదాంట్లో కొంచెం న్యాయం ఉంది. ఏడాదికి ఒక్కటి వేసి బతకగలిగాడంటే వెనక ఏదో ఆధారం ఉండే ఉంటుంది కదా.

లెక్కలమాస్టారు
ఒక్క బొమ్మ అంటే ఒక్క కాగితం కాదు. ప్రింట్ కదా. ఎడిషన్ ఎంత?

సిరామరక
మాస్టారూ, చాలా ప్రింట్ల కింద 120 అని ఉంటుంది. అంటే ఒక్క దిమ్మ మీద నుంచి 120 కాగితాలు. సైజు కూడా పెద్దదే, చాలావాటికి ఎత్తు 90 సెంటీమీటర్లు, వెడల్పు 50 దగ్గర.

పెడన_దిమ్మ
మాది కలంకారీ అద్దకం దిమ్మలు చెక్కే ఇల్లు. మా నాన్న, నేను, మా చిన్నాన్న కొడుకు. 90 సెంటీమీటర్ల దిమ్మ అన్నమాట వినగానే నా చేతులు నొప్పెట్టాయి. మేం చెక్కేవి అరచేతి నుంచి రెండు అరచేతుల దాకా. అందులో సన్న గీతలు ఎక్కువుంటే ఒక్కోటి వారం పైన పడుతుంది.
బయటివాళ్ళకి తెలియనిది ఒకటుంది. మనం గీతని చెక్కం. గీత చుట్టూ ఉన్న చెక్కనంతా తీసేస్తాం, గీత మిగులుతుంది. ఆ బొమ్మల్లో తెల్లగా కనపడే చోటంతా ఆయన చేత్తో తీసేసిన చెక్కే. నిన్న రాత్రి ఆయన బొమ్మ ఒకటి ఫోన్లో చూశాను. పక్షి రెక్కలో ఈక ఈకకీ మధ్య వెంట్రుకంత సందు. అక్కడ ఉలి జారితే దిమ్మ మొత్తం పోయినట్టే, అతికించడం కుదరదు. ఏడాదికి ఒకటి చేశాడంటే నేను నమ్ముతాను.

లెక్కలమాస్టారు
దానికి అచ్చు వేసే టైము కూడా కలపాలి. ప్రెస్సు వాడేవాడా?

పాతఉలి
లేదు, చేత్తోనే. దిమ్మకి రోలర్‌తో ఇంకు పట్టించి, పల్చటి కాగితం పరిచి, వెనక నుంచి రుద్దడం. సహాయకుల్ని పెట్టుకోలేదు. గీయడం, చెక్కడం, అచ్చు తీయడం అన్నీ ఆయనే.
ముప్పై ఏళ్ళు ఉడ్‌కట్ నేర్పాను కాబట్టి మాస్టారికి ఒక లెక్క ఇస్తాను. రెండడుగుల దిమ్మ నేను చేత్తో రుద్దితే ఒక్కో కాగితానికి నలభై నిమిషాలు పట్టేది. అందులో పాడైపోయేవి వేరే.

లెక్కలమాస్టారు
అంటే 120 కాగితాలకి 80 గంటలు. మీ దిమ్మ కంటే ఆయనది పెద్దది కాబట్టి నూరు దాటుతుంది. అచ్చుకే ఇంత.

రాత్రిబస్సు
సరే, నూరు గంటలు అనుకుందాం. ఏడాదిలో మిగతా గంటలు?

పాతఉలి
గీతలు. అసలు పనంతా అక్కడే. 2004లో సావోపౌలోలోని పినకోటెకా మ్యూజియంలో ఆయన ప్రదర్శన జరిగింది. దాని పేరే "డ్రాయింగ్ నుంచి ప్రింట్ దాకా" అన్న అర్థం వచ్చేలా పెట్టారు. ఒక్క ప్రింట్ కోసం కాగితం మీద ఎన్నో చిత్తుప్రతులు వేసేవాడు. పక్షిని ఎడమకి తిప్పడం, కుడికి తిప్పడం, పాము తోకని ఒక వేలు కిందికి జరపడం. ఆయన బొమ్మల్లో నడి మధ్యన ఒక నిలువు గీత ఉన్నట్టుంటుంది, రెండు పక్కలూ తూగాలి. పైనా కిందా అరలు ఉంటాయి, చర్చిలో బలిపీఠం వెనక ఉండే బొమ్మల పలకలాగా. ఆ తూకం కుదిరేదాకా చెక్క ముట్టుకునేవాడు కాదు.
సిరామరకా, నీ ఫ్రెండ్‌కి చెప్పమ్మా, ఏడాదికి ఒకటి అన్నది 1970ల మధ్య నుంచి సంగతి. దానికి ముందు ఇరవై ఏళ్ళ కెరీర్ ఉంది. దాన్ని చెప్పకుండా ఇది మొదలుపెడితే అలాగే తప్పుగా అర్థమవుతుంది.

సిరామరక
అదే చెప్పండి సార్. నా దగ్గర సంవత్సరాలు ఉన్నాయి గానీ ఒకదానికొకటి అతకడం లేదు.

పాతఉలి
కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.
సమీకో ఎవరి దగ్గరా చదువుకోకుండా బొమ్మలు మొదలుపెట్టాడు. ముందు పెయింటరే. 1948లో రెసిఫెలో మోడరన్ ఆర్ట్ సొసైటీ పెట్టినవాళ్ళతో కలిశాడు. 1952లో ఆ సొసైటీ కింద ఒక ఉమ్మడి స్టూడియో మొదలైంది. అబెలార్దో ద ఓరా అనే శిల్పి దానికి పెద్ద దిక్కు. స్థాపించిన కుర్రాళ్ళలో సమీకో ఒకడు. అందరూ ఒక గదిలో కూర్చుని కూలివాళ్ళని, వీధి పిల్లల్ని, కార్నివాల్ ఆటల్ని గీసేవాళ్ళు. కళ అంటే ఊళ్ళో మనుషుల బతుకు కనపడాలన్నది అబెలార్దో పట్టుదల.
1957లో సావోపౌలో వెళ్ళి లీవియో అబ్రామో దగ్గర ఉడ్‌కట్ నేర్చుకున్నాడు. మరుసటి ఏడాది రియోలో ఓస్వాల్దో గోయెల్డి దగ్గర. బ్రెజిల్‌లో ఉడ్‌కట్ అంటే ముందు గుర్తొచ్చే రెండు పేర్లు అవి. అబ్రామో చేయి గీతల చేయి, సన్నగా పక్కపక్కనే నడిచే వందల గీతలతో వెలుతురు తెప్పిస్తాడు. గోయెల్డిది రాత్రి. ఖాళీ వీధి, వాన, చేపలు పట్టే మనిషి, ఒంటరి కుక్క. ఆయన "వాన" అన్న ప్రింట్‌లో బొమ్మంతా నలుపు, మధ్యలో ఒక్క గొడుగు ఎరుపు. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను.
ఆ ఇద్దరి ప్రభావం సమీకో మొదటి ప్రింట్లలో తెలిసిపోతుంది. గీతల పని అబ్రామో దగ్గరిది, చీకటి గోయెల్డి దగ్గరిది. గొప్ప గురువులు దొరకడం అదృష్టమే, కానీ వాళ్ళ నీడలోంచి బయటికి రావాలి కదా. ఊరికి తిరిగొచ్చాక తన బొమ్మలు మరీ చీకటైపోతున్నాయని ఆయనకి దిగులు పట్టుకుంది. అప్పుడు అరియానో సువస్సునా అనే నాటక రచయిత ఇచ్చిన సలహా ఒక్కటే, మన సంతల్లో అమ్మే కోర్డెల్ అనే చిన్న పద్యకథల పుస్తకాల అట్టమీద బొమ్మలు చూడు అని.
అక్కణ్ణుంచి, 1960లు మొదలవుతూనే, బొమ్మ తెరుచుకుంది. నేపథ్యం తెల్లబడింది. మనుషులు, జంతువులు గోడకి అతికించినట్టు చదునుగా, ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. 1962లో "జువెనాల్, డ్రాగన్" అన్న ప్రింట్ వచ్చింది. ఆ ఏడాదే వెనిస్ బియెనాలే అనే పెద్ద అంతర్జాతీయ కళాప్రదర్శనలో పాల్గొన్నాడు. 1965లో ఒలిండాలో స్థిరపడ్డాడు. పరాయిబా యూనివర్సిటీలో ఉడ్‌కట్ పాఠాలు చెప్పాడు. 1968లో నేషనల్ సెలాన్ అనే జాతీయ కళాప్రదర్శనలో విదేశీ యాత్ర బహుమతి వచ్చి రెండేళ్ళు యూరప్‌లో ఉన్నాడు. 1971లో సువస్సునా నడిపే ఆర్మోరియల్ ఉద్యమంలో చేరాడు, ఈశాన్యపు జానపద సంప్రదాయాల్లోంచి కొత్త కళ తేవాలన్నది దాని ఉద్దేశం. ఏడాదికి ఒక్క ప్రింట్ అన్నది ఇదంతా అయ్యాక తీసుకున్న నడక. పందెం గుర్రం కాదు, బరువు మోసే ఎద్దు నడక.

గోరింట
"గురువుల నీడలోంచి బయటికి రావాలి" దగ్గర ఆగిపోయాను. పిల్లల పత్రికలకి బొమ్మలు వేస్తాను నేను. పదేళ్ళు మా గురువుగారి గీతే గీశాను, అందరూ మెచ్చుకునేవాళ్ళు, నాకు మాత్రం లోపల ఊపిరాడేది కాదు. బయటపడింది మా అమ్మమ్మ వేసే ముగ్గులు చూసి. చుక్కల మధ్య ఖాళీ ఎంత ఉండాలో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. సమీకోకి ఎవరో చెప్పాల్సి వచ్చింది, పక్కనే ఉన్నది చూడమని. నాకూ అంతే.

సావోపౌలో_సుబ్బు
పదేళ్ళ పైగా ఇక్కడ ఉంటున్నా, అందుకే దూరాను. ముందు పేర్ల సంగతి. రెసిఫె అని మనం రాస్తాం, ఇక్కడివాళ్ళ నోట్లో అది "హెసీఫి". నేను మొదట్లో టికెట్ కౌంటర్లో రెసిఫె, రెసిఫె అని పది నిమిషాలు మొత్తుకున్నాను.
ఒలిండా రెసిఫెని ఆనుకునే ఉంటుంది. కొండ మీద పాత పోర్చుగీసు ఊరు, రంగు రంగుల ఇళ్ళు, చర్చిలు, కింద సముద్రం. యునెస్కో వారసత్వ పట్టణం. మధ్యాహ్నం ఎండలో అక్కడ నీడలు ఎంత నల్లగా పడతాయో, గోడలు ఎంత తెల్లగా మెరుస్తాయో చూస్తే సమీకో నలుపు తెలుపులు ఎక్కడివో అర్థమవుతుంది. సావోపౌలో మబ్బుల్లో ఉండి ఉంటే ఆ బొమ్మలు వచ్చేవి కావు, ఇది నా గట్టి నమ్మకం.

రాత్రిబస్సు
సుబ్బు, గోయెల్డి ఉన్నది రియో ఎండలో. ఆయన బొమ్మలన్నీ రాత్రే కదా. ఎండని బట్టి బొమ్మ రాదు.

సావోపౌలో_సుబ్బు
అది ఒప్పుకుంటా. నువ్వు ఎక్కడ పట్టుకోవాలో అక్కడ పట్టుకున్నావు 😄

తాటాకు
"జానపద కళాకారుడా" అన్న ప్రశ్నకి ఎవరూ రాలేదు. జానపద సాహిత్యం నా పని, కోర్డెల్ గురించి కొంత చదివాను.
కోర్డెల్ అంటే తాడు. సంతల్లో తాడు మీద ఆరేసినట్టు వేలాడదీసి అమ్మే చిన్న పుస్తకాలు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు పేజీలవి. లోపల పద్యకథ, ఎక్కువగా ఆరు పాదాల చరణాల్లో. కవి సంతలో నిలబడి గొంతెత్తి చదివేవాడు, కథ మంచి పట్టులో ఉండగా ఆపేవాడు, మిగతా కథ కావాలంటే కొనుక్కోవాలి. 1918లో చనిపోయిన లెయాంద్రో గోమెస్ దె బారోస్ ఈ కవుల్లో పెద్దవాడు. పాతఉలి గారు చెప్పిన జువెనాల్ కథ ఆయనదే. మూడు గొర్రెలిచ్చి మూడు కుక్కల్ని తెచ్చుకున్న కుర్రాడు, వాటి సాయంతో డ్రాగన్‌ని చంపి రాజకుమారిని కాపాడతాడు. మన పేదరాశి పెద్దమ్మ చెప్పినా ఇలాగే చెప్పేది.
ఇప్పుడు చాలామందికి తెలియని ముక్క. ఆ పుస్తకాలకి ఉడ్‌కట్ అట్ట మొదటి నుంచీ లేదు. పాత రోజుల్లో అచ్చు అలంకారాలు, జింకు బ్లాకులు, తర్వాత సినిమా తారల ఫొటో కార్డుల్లాంటివి ఉండేవి. కొనేవాళ్ళకి అవే ఇష్టం. చెక్క అచ్చు చవక కాబట్టి పల్లెటూరి ప్రెస్సుల్లో వాడారు. దాని అందం ముందు పట్టుకున్నది ఎక్కువగా పట్నపు చదువరులు, కళాకారులు. సమీకో వాళ్ళలో ఒకడు. కాబట్టి ఆయన జానపద కళాకారుడు కాడు. రెండు పెద్ద నగరాల్లో పెద్ద గురువుల దగ్గర నేర్చుకుని, సంత బొమ్మని శ్రద్ధగా చదివిన ఆధునిక చిత్రకారుడు.

రాత్రిబస్సు
నేను మొదటి నుంచీ అడగాలనుకున్నది ఇదే. సంత బొమ్మని చదివాడు, మ్యూజియంలోకి తీసుకెళ్ళాడు. సంతలో చెక్కినవాడికి ఏం మిగిలింది? జె. బోర్జెస్‌ని చూడండి. రెసిఫె ఉన్న పెర్నాంబుకో రాష్ట్రంలోనే, బెజెర్రోస్ ఊరివాడు. 1935లో పుట్టాడు. బళ్ళో గడిపింది చాలా తక్కువ. కోర్డెల్ రాయడం, అట్ట బొమ్మ తనే చెక్కడం, తనే అచ్చు వేయడం, తనే సంతలో అమ్మడం. చెక్క మీద నేరుగా గీసి ఉలి పట్టేవాడు. పదిమందీ కొనుక్కోగలిగే ధరకి అమ్మాడు. నాకు కెరీర్ అంటే అది. ఏడాదికి ఒకటి చెక్కి 120 మందికి ఇవ్వడం నాకు ఆనదు.

తాటాకు
బోర్జెస్ అంటే నాకూ ప్రాణం. 2024 జూలైలో పోయాడని తెలిసిన రోజు మా ఇంట్లో ఆయన బొమ్మ కాలెండర్ ముందు దీపం పెట్టాను. కానీ మీరు ఇద్దరినీ ఒక తాసులో పెడుతున్నారు. బోర్జెస్ కథ చెప్పేవాడు. ఆయన బొమ్మలో వేశ్య స్వర్గానికి వెళ్తుంది, చూడగానే నవ్వొస్తుంది, కథ అర్థమైపోతుంది. సమీకో బొమ్మ కథ చెప్పదు. కథ అయిపోయాక మనసులో మిగిలే పటం అది. ఇద్దరికీ అన్నం పెట్టింది ఒకటే నేల, వండిన వంట వేరు.

పెడన_దిమ్మ
రాత్రిబస్సు అన్నా, నేను సంత వైపు మనిషినే. మా దిమ్మతో అద్దిన చీర ఎక్కడెక్కడో అమ్ముడవుతుంది, చెక్కినవాడి పేరు దాని మీద ఉండదు. ఆ బాధ నాకు తెలుసు. ఒక పెద్ద షాపువాళ్ళు మా నాన్న చెక్కిన నెమలి దిమ్మని చూసి "మా డిజైనర్ చేసింది" అని రాసుకున్నారు. మా నాన్న ఏమీ అనలేదు, ఆ దిమ్మ మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు.
అయినా సమీకో మీద నాకు కోపం రావట్లేదు. ఎవరి దిమ్మనీ ఆయన ఎత్తుకోలేదు. తన చేత్తో చెక్కాడు, తన చేత్తో రుద్దాడు. చేయి అరిగినవాడిని చూస్తే ఇంకో చేయి అరిగినవాడికి తెలుస్తుంది.

రాత్రిబస్సు
తమ్ముడూ, నీ మాటకి ఎదురు చెప్పలేను. షాపు సంగతి చదివి కడుపు రగిలింది.
కానీ ఇంకో మాట అడగాలి. ఆర్మోరియల్ ఉద్యమం మొదలైంది 1970 అక్టోబరులో, సైనిక పాలన గట్టిగా బిగిసిన రోజుల్లో. సువస్సునా అప్పుడు రెసిఫె యూనివర్సిటీలో సంస్కృతి విభాగం చూసేవాడు, తర్వాత 1975లో నగరపాలనలో సంస్కృతి బాధ్యత తీసుకున్నాడు. అటు మనుషుల్ని జైళ్ళలో హింసిస్తుంటే ఇటు దేవదూతలు, డ్రాగన్లు. సమీకో దీని గురించి ఏమీ చెక్కలేదేం?

పాతఉలి
ప్రశ్న న్యాయమైనదే. రెండు సంగతులు చెప్తాను. మొదటిది, ఆయన ఈ దారి పట్టింది 1960ల మొదట్లో, 1964 సైనిక తిరుగుబాటుకి ముందే. ఉద్యమం పుట్టేటప్పటికి ఆయన బొమ్మ తయారై ఉంది. ఆర్మోరియల్ వాళ్ళు దాన్ని జెండాలా ఎత్తుకున్నారంటే నాకు సబబుగా ఉంటుంది. రెండోది, బొమ్మలు మళ్ళీ చూడు. 1977 నాటి "మనుషుల పోరాటం" చూడు. 2000 దాటాక వేసిన ఒకదాని పేరు "శాంతికాలంలో యుద్ధ వదంతులు". ప్రశాంతంగా కనపడే ఆ తూకం లోపల ఎప్పుడూ ఎవరో ఎవరినో పొడుస్తూనే ఉంటారు. పోస్టర్ వేయలేదు నిజమే. అది ఆయన స్వభావం కాదు. వేసినవాళ్ళు ఉన్నారు, సావోపౌలోలో ఆంతోనియో ఎన్రిక్ అమరాల్ ఉన్నాడు. ఆయనా లీవియో అబ్రామో దగ్గర నేర్చుకున్నవాడే. ఉడ్‌కట్‌తో మొదలుపెట్టి, తర్వాత కేన్వాస్ మీద తాళ్ళతో కట్టిన, ఫోర్కులతో పొడిచిన అరటిపళ్ళు వేసి ఆ పాలనని నిలదీశాడు.

రాత్రిబస్సు
అరటిపళ్ళ సంగతి ఇప్పుడే చూశాను. వెన్ను జలదరించింది. దాని మీద ఇంకో చర్చ పెడతాను.
సమీకో మీద నా మాట మార్చుకోను, ఆ మౌనం నాకు ఇబ్బందే. కానీ "పని తక్కువ" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా.

కృష్ణాతీరం
మధ్యలో వస్తున్నా, క్షమించాలి. అరలు అరలుగా కథ, చదునైన మనుషులు, పక్క నుంచి కనపడే ముఖాలు. చేర్యాల నకాషి పటాల్లాగే ఉన్నాయి. సంబంధం ఏమైనా ఉందా?

తాటాకు
సంబంధం లేదు, పోలిక ఉంది. చూసేవాళ్ళకి కథ చెప్పాలంటే ఎక్కడైనా అరలు కావాలి. అక్కడ దాని వేర్లు ఐబీరియా (స్పెయిన్, పోర్చుగల్) కథల్లో, బైబిల్లో, ఆదివాసుల పురాణాల్లో ఉన్నాయి. ఉరుగ్వే రచయిత ఎద్వార్దో గలెయానో అమెరికా ఖండపు సృష్టికథల్ని కూర్చి రాసిన పుస్తకం చదివి సమీకో కొన్ని ప్రింట్లు చేశాడు. విచిత్రం ఏంటంటే అదే గలెయానో 1993లో తెచ్చిన ఇంకో పుస్తకానికి బొమ్మలు వేసింది బోర్జెస్. మనం ఇక్కడ రెండు జట్లుగా కూర్చుని వాదించుకుంటున్నాం గానీ ఆ రచయిత ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళే చుట్టం లాంటివాడు.

గోరింట
ఎంత బావుంది ఈ ముక్క.
రంగు గురించి ఎవరైనా చెప్పండి. ఆయన బొమ్మల్లో రంగు చాలా తక్కువ, కానీ తీసేస్తే బొమ్మ పడిపోయేలా ఉంది.

పాతఉలి
గోయెల్డి ఎరుపు గొడుగు గుర్తుంచుకో, పాఠం అక్కడిదే. రంగు ముస్తాబుకి కాదు, ఒక చోట కన్ను ఆగడానికి. సమీకో 1960ల్లో కొన్ని ప్రింట్లు రంగు లేకుండానే వదిలాడు. తర్వాత తర్వాత ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ చిన్న చిన్న మచ్చలుగా వచ్చాయి. పాము ఒంటి మీద చారలు, సూర్యుడి చుట్టూ అంచు, నీళ్ళలో చేప. ఆయన పెయింటర్ అన్న సంగతి ఇక్కడ పనికొస్తుంది. పెయింటింగ్ పూర్తిగా మానలేదు, జనం ఎక్కువ పట్టించుకోలేదంతే. రంగుని చేతినిండా వాడగలిగినవాడు కాబట్టే చిటికెడు వేసి ఆపగలిగాడని నేననుకుంటాను. చేతకానివాడి పొదుపు వేరుగా కనపడుతుంది.

లెక్కలమాస్టారు
ఒక రంగు అదనంగా వేయాలంటే అచ్చు కూడా అదనమా? అప్పుడు నా వంద గంటల లెక్క తప్పు.

పాతఉలి
ఎలా చేసినా అదనపు పనే మాస్టారూ. వేరే దిమ్మతో వేస్తే కాగితం మళ్ళీ అదే చోట, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. అదే దిమ్మ మీద ఆ ముక్కకి వేరే రంగు పూస్తే ప్రతి కాగితానికీ మళ్ళీ పూయాలి. మీ లెక్క పెరుగుతుందే గానీ తగ్గదు.

సావోపౌలో_సుబ్బు
ఒక అనుభవం చెప్పాలి. 2016 సావోపౌలో బియెనాల్‌లో సమీకో ప్రింట్లు పెట్టారు, ఆయన పోయిన మూడేళ్ళకి. ఇక్కడ వీడియోలు, పెద్ద పెద్ద ఇన్‌స్టలేషన్లు చూసి చూసి తల తిరుగుతుంటే ఆ గోడ దగ్గరికి వచ్చాను. అప్పటికి నాకు ఆయన పేరు తెలియదు. ఆఫీసు ఫ్రెండ్, ఆమెది రెసిఫె పక్క ఊరు, ఒక్కో బొమ్మ ముందూ నిలబడి వాళ్ళ నాయనమ్మ చెప్పిన కథలు చెప్పింది. ఫొటోలో నలుపు నున్నగా కనపడుతుంది, ఎదురుగా నిలబడితే అలా కాదు, లోపల చెక్క నరాలు సన్నగా తెలుస్తాయి. సిరామరకా, వీలైతే ఒక్క అసలు ప్రింట్‌ అయినా చూడు.

సిరామరక
అన్నా, హైదరాబాద్‌లో సమీకో ఎక్కడ దొరుకుతాడు 😔

పాతఉలి
సమీకో దొరకడు గానీ మంచి ప్రింట్ దొరుకుతుంది. లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్ (లోహపు ప్లేటు మీద యాసిడ్‌తో గీతలు దించి తీసే ప్రింట్) ఏదైనా గ్యాలరీలో ఉంటే దగ్గరికి వెళ్ళి చూడు. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి పారిస్ వెళ్ళి ఒకే ప్లేటు మీద రంగులు ఇంకుల చిక్కదనంతో విడగొట్టిన కృష్ణారెడ్డి గారి పని కనపడితే ఇంకా మంచిది. వాళ్ళది లోహం, ఈయనది చెక్క, పద్ధతి వేరు. కానీ ఇంకు కాగితంలోకి ఎలా దిగుతుందో కళ్ళకి అలవాటవుతుంది. తర్వాత సమీకో ఫొటో చూసినా నీ కన్ను మిగతాది పూరించుకుంటుంది.

రాత్రిబస్సు
సిరామరకా, ఇంతకీ ఫ్రెండ్‌కి ఏం చెప్తావ్?

సిరామరక
మాటతో చెప్పను. మా సార్‌ని అడిగాను, నాలుగు చిన్న ఎడిషన్లకి బదులు ఒక్క పెద్ద దిమ్మ చేస్తానని. ముందు ఒప్పుకోలేదు. ఈ చర్చలోంచి పాతఉలి గారి 1948 నుంచి 1971 దాకా ఉన్న పోస్టు, మాస్టారి గంటల లెక్క చదివి వినిపించాను. "చిత్తుప్రతులు అన్నీ చూపిస్తేనే" అన్నారు. నిన్నటికి పదకొండు అయ్యాయి. బొమ్మ మా ఊరి చెరువు, మధ్యలో కట్ట, పైన కొంగలు, కింద నీళ్ళలో వాటి నీడలు తలకిందులుగా. తూకం ఇంకా కుదరలేదు. ఎడమ వైపు కొంగ బరువైపోతోంది.

గోరింట
కొంగని చిన్నది చేయకు, దాని చుట్టూ తెలుపు పెంచు.

పెడన_దిమ్మ
చెక్క ఏది తీసుకుంటున్నావు చెల్లీ? ప్లైవుడ్ అయితే సన్న గీత దగ్గర పొర లేచిపోతుంది. బాగా ఆరిన టేకు పలక అయితే మంచిది. అది చేతికొచ్చాక వారం పాటు నీ గదిలోనే పెట్టు, అక్కడి గాలికి అలవాటు పడాలి, లేకపోతే చెక్కాక వంగుతుంది. ఉలిని గ్రెయిన్‌కి, అంటే చెక్క నార నడిచే వైపుకి, ఎదురు తోయకు. కొంగ కాళ్ళు చివర్లో చెక్కు, ముందే చెక్కితే చెయ్యి ఆనినప్పుడు విరుగుతాయి.

సిరామరక
ఇది ఏ పుస్తకంలోనూ లేదు అన్నా. థాంక్స్. రుద్దడానికి ఏం వాడాలి? ల్యాబ్‌లో ప్రెస్సు ఉంది గానీ నాకు చేత్తోనే తీయాలని ఉంది.

పాతఉలి
కొయ్య గరిటె. వెనక వైపు, గుండ్రంగా ఉన్న భాగం. ముందు సన్న రకం ఉప్పుకాగితంతో నున్నగా చేసి, కొబ్బరినూనె ఒక్క చుక్క రాసి, గుడ్డతో పూర్తిగా తుడిచెయ్. జిడ్డు మిగిలితే కాగితం పాడవుతుంది. మధ్య నుంచి అంచులకి రుద్దు. ఒక మూల మెల్లగా ఎత్తి చూసుకో, ఇంకు దిగని చోట మళ్ళీ రుద్దు, రెండో మూల మాత్రం కదలనివ్వకు.

లెక్కలమాస్టారు
ఎడిషన్ ఎంత పెడుతున్నావమ్మా?

సిరామరక
పన్నెండు, మాస్టారూ. మొదటిది పెడనకి పంపిస్తాను.